ఎడమవైపు మౌనం

సంవత్సరం చివరి ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకు చెవిగారు కాఫీ గ్లాసు కింద పెట్టి ఇంట్లో ఒక శాసనం జారీ చేశారు. మధ్యాహ్నం మూడు దాకా ఈ ఇంట్లో మిక్సీ తిరగకూడదు, తలుపులు కొట్టుకోకూడదు, ఎవరూ అనవసరంగా దగ్గకూడదు. ఆ ఇంట్లో ఉన్నదే ఇద్దరు. అందులో ఒకరు ఆయనే కాబట్టి శాసనం మొత్తం భార్య ఒక్కదానికే వర్తించింది.

"దగ్గొస్తేనో?" అంది ఆవిడ.

"వీధిలోకెళ్ళి దగ్గి రా."

చెవిగారు అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. చెవి డాక్టరుగారి ఆస్పత్రిలో వినికిడి పరీక్షలు చేయడం ఆయన ఉద్యోగం. మనిషిని గాజు గదిలో కూర్చోబెట్టి, రెండు చెవులకూ యంత్రం తగిలించి, కుయ్‌మన్నప్పుడల్లా వేలెత్తమని చెప్పి, ఎత్తనివాళ్ళను చూసి నిట్టూర్చాలి. పదహారేళ్ళుగా ఊరందరి చెవులూ పరీక్షించగా పరీక్షించగా ఆయనకు తేలిందేమిటంటే, సరైన చెవులు ఈ ఊళ్ళో రెండే ఉన్నాయి, ఆ రెండూ తన తలకే ఉన్నాయి.

ఆ చెవుల పుణ్యమా అని ఆయన ఏటా డిసెంబరు ఆఖర్లో ఆ ఏడాది పది మేటి పాటల జాబితా తయారు చేస్తారు. శాస్త్రీయం, సినిమా, జానపదం, భక్తి, గిటారు బాదుడు, యంత్రాల మోత, ఏ రకాన్నీ వదలరు. వదిలితే దాన్ని తిట్టే అవకాశం పోతుంది. పదకొండేళ్ళుగా ఆ జాబితా ఆయన ఫోన్లో ఉన్న నలభై ముగ్గురికి వెళుతోంది. నలభై ముగ్గురూ తప్పకుండా నమస్కారం బొమ్మ పంపుతారు. దాన్ని ఆయన ఏకగ్రీవ ఆమోదం కింద లెక్కేసుకుంటారు.

ఈ ఏడు సంగతి ఇంకో మెట్టెక్కింది. ఆ నలభై ముగ్గురిలో ఒకమ్మాయి ఊరి రేడియోలో అనౌన్సరు. జాబితాను ఈ ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు స్టేషనుకొచ్చి ప్రత్యక్ష ప్రసారంలో చెప్పమని పిలిచింది. బాగా నడిస్తే కొత్త సంవత్సరం నుంచి ప్రతి ఆదివారం అరగంట ఆయనకే ఇస్తారట, ఆ కార్యక్రమాన్ని డాక్టరుగారి ఆస్పత్రి సమర్పిస్తుందట. ఆ అరగంట మాట వినగానే చెవిగారికి ప్రాణం లేచివచ్చింది. పదహారేళ్ళు ఒక్కొక్క చెవిలో కుయ్‌మనిపించిన మనిషికి ఒక్కసారిగా ఊరందరి చెవుల్లోకీ దూరే దారి దొరికింది మరి. మూడు వారాలుగా ఆయనకు సరిగ్గా నిద్ర లేదు, ఆయన అద్దం ముందు చేసే ఉపన్యాసాల వల్ల భార్యకు అసలే లేదు.

పాటలు వినడంలో ఆయనకు కొన్ని నియమాలున్నాయి. జనవరి ఒకటి నుంచి డిసెంబరు ఆఖరు దాకా కొత్త పాటలే తప్ప పాత పాట చెవిన పడకూడదు. పాడినవాళ్ళ పేర్లు చూడకూడదు, చూస్తే చెవికి పక్షపాతం అంటుకుంటుంది. బొమ్మ అసలే చూడకూడదు, అందుకని ఫోను బోర్లా పెడతారు. అన్నిటికన్నా ముఖ్యం, తన హెడ్‌ఫోన్లలో తప్ప ఇంకెందులో విన్నా అది విన్నట్టు కాదు. ఆ హెడ్‌ఫోన్లు అలమారా పైన నల్లగుడ్డ కప్పుకుని ఉంటాయి. భార్య వాటి మీద దుమ్ము దులపాలి గాని వాటిని ముట్టుకోకూడదు. అదెలాగో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఈ ఏడాది జనవరిలోనే పాటల్లో ఒక తేడా ఆయన పసిగట్టారు. ధ్వనంతా కుడిచెవిలోనే మోగుతోంది, ఎడమవైపు చడీచప్పుడూ లేదు. ఎందుకైనా మంచిదని ఆస్పత్రిలో యంత్రం తగిలించుకుని తనను తానే పరీక్షించుకున్నారు. రెండు చెవులూ నిక్షేపంలా ఉన్నాయి. అప్పుడు ఆయన తర్కించారు. చెవులు మంచివి. హెడ్‌ఫోన్లు ఖరీదైనవి. కాబట్టి మారింది సంగీతమే. ఆ సాయంత్రమే నలభై ముగ్గురికీ ఒక వ్యాసం వెళ్ళింది. 'ఈ తరం సంగీత దర్శకులు ఎడమవైపు చోటును మౌనానికి వదిలేస్తున్నారు. ఇది ఈ దశాబ్దపు సాహసం' అన్నది దాని సారాంశం. నలభై మూడు నమస్కారాలొచ్చాయి. ఇంకేం కావాలి, సిద్ధాంతం స్థిరపడిపోయింది.

ఇప్పుడాయన మొదటి స్థానం పాట గురించి మాటలు సిద్ధం చేసుకుంటున్నారు. పాట పేరు 'గొడుగు'. ఒకే ఒక్క స్త్రీ గొంతు. వాన. 'గొడుగెక్కడ పెట్టావో చెప్పవా' అని అడుగుతుంది. జవాబు లేదు. 'వాన వెలిసేలోగా వస్తావా' అంటుంది. జవాబు లేదు. ఆ జవాబు లేని చోటే చెవిగారు ఏడాదిలో పదిహేడుసార్లు కన్నీళ్ళు పెట్టుకున్నారు. నిజంగానే పెట్టుకున్నారు, అందులో నటన లేదు. హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి, కళ్ళు తుడుచుకుని, కలం పట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే కిటికీలోంచి ఒక మగగొంతు విరుచుకుపడింది.

"నీ నెత్తిన పెట్టా, చూస్కోవా!"

వెనకనే డప్పుల మోత. ఇది బావమరిది పని. ఇంటి వెనక షెడ్డులో మైకుసెట్లు పెట్టుకుని పెళ్ళిళ్ళకూ సభలకూ అద్దెకిస్తుంటాడు. మనిషెత్తు బాక్సులు రెండు, ఒకటి వీధి వైపు తిరిగి ఉంటుంది, రెండోది చెవిగారి కిటికీకి గురిపెట్టినట్టుంటుంది. ఆర్నెల్లుగా ఆ మగగొంతు ఆయన పాలిట జోరీగ అయింది. ఆయన కిటికీ దగ్గరికెళ్ళి అరిచారు.

"ఒరేయ్! ఆపరా ఆ బండగొంతు వాణ్ణి! వాడేం పాడుతున్నాడో వాడికైనా తెలుసా?"

బావమరిది షెడ్డులోంచి తల బయటపెట్టాడు. "ఈ ఏడాది దీన్ని మించిన పాట లేదు బావగారూ! ఇది పెడితే ముసలాళ్ళు కూడా కుర్చీల్లోంచి లేస్తున్నారు."

"పారిపోడానికి లేస్తుంటారు," అని చెవిగారు కిటికీ మూసి చెవుల్లో దూది పెట్టుకున్నారు.

"ఆ పాట పూర్తిగా వింటే బాగుంటుందండీ," అంది భార్య గుమ్మంలోంచి.

"దాన్ని పూర్తిగా వినేవాళ్ళు కూడా ఉన్నారా?" అని, ఉపన్యాసానికి ఒక కొత్త భాగం చేర్చారు. పది మేటి పాటల ముందు, ఈ ఏడాది అత్యంత నీచమైన పాట. ఆ బండగొంతు వాణ్ణి ఊరందరి ముందూ కడిగేయాలి.

భార్య ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏమండీ, మీతో ఒక మాట. ఆ హెడ్‌ఫోన్లు..."

"ముట్టుకున్నావా?"

"అబ్బే, లేదు," అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పన్నెండు గంటలకు జాబితా రేడియోకు పంపారు. పది నిమిషాల్లో అనౌన్సరు ఫోన్ చేసింది.

"సార్, మొదటి స్థానంలో 'గొడుగు' పెట్టారా! మీరు చాలా గంభీరమైన మనిషనుకున్నాం. ఇక్కడ మావాళ్ళంతా ఒకటే నవ్వు."

చెవిగారికి ఒళ్ళు మండింది. "నవ్వారా? దానికి నవ్వొచ్చిందా వాళ్ళకి? అమ్మా, ఆ పాటకు నేను ఏడ్చాను."

"నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళొచ్చాయా సార్? నాకూ అంతే!"

ఆయన ఠక్కున ఫోన్ పెట్టేశారు. ఒంటరి ఆడదాని దుఃఖం చూసి నవ్వే మనుషుల చేతిలో రేడియో ఉంది. అందుకే ఈ ఊరికి తన అరగంట అత్యవసరమని ఆయనకు మరింత గట్టిగా అనిపించింది.

మూడున్నరకు బయల్దేరుదామంటే ఒక్క ఆటో లేదు. చివరికి బావమరిది మైకుసెట్ల వ్యానే గతయింది. చెవిగారు హెడ్‌ఫోన్లను మెళ్ళో వేసుకుని, రెండు పెద్ద బాక్సుల ముందున్న సీట్లో, తన స్థాయికి తగని చోట కూర్చున్నట్టు ముడుచుకుని కూర్చున్నారు.

"మొదటి పాటేంటి బావగారూ?"

"చెప్పినా నీకు అర్థం కాదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే."

"నా లెక్క ఒకటే బావగారూ. పాట పెట్టాక కుర్చీల్లోంచి ఎంతమంది లేచారు? అంతే."

"నీ లెక్కన భూకంపం కూడా మంచి పాటే," అన్నారు చెవిగారు. బావమరిది పగలబడి నవ్వాడు. బావగారు హాస్యమాడారనుకున్నాడు, పాపం.

స్టేషనులో గాజు పలకకు ఇవతల చెవిగారూ అనౌన్సరూ. అవతల చిన్న గదిలో ఈ ప్రసారానికి ఖర్చు పెట్టుకున్న డాక్టరుగారు, ఆయన ముందు ఒక రేడియో. ప్రసారం మొదలైందని ఎర్రదీపం వెలిగింది. చెవిగారు గొంతు సవరించుకుని ముందుగా ఆ నీచమైన పాట పని పట్టారు.

"దాని పేరు నాకు తెలీదు, తెలుసుకోను కూడా. ఎవడో నెత్తిన పెట్టానంటాడు, చూస్కోమంటాడు. ఏం పెట్టాడో భగవంతుడికి తెలియాలి. పాట అనే మాటకే అది అవమానం. దాన్ని ఇష్టపడే చెవుల్ని నేను రోజూ ఆస్పత్రిలో చూస్తుంటాను."

అనౌన్సరు నోరు తెరిచింది, జాబితా కాగితం వైపు చూసింది, మళ్ళీ నోరు మూసుకుంది. ప్రత్యక్ష ప్రసారంలో అతిథిని ఆపకూడదని ఆమెకు శిక్షణలో చెప్పారు.

"ఇక పదో స్థానం, భక్తి పాట," అన్నారు చెవిగారు. "ఇందులో సంగీత దర్శకుడు డోలును పూర్తిగా త్యజించాడు. ఎంత తెగువ!"

పాట వేశారు. గదిలోని రెండు స్పీకర్లలోంచీ పాట వచ్చింది, ఎడమవైపు దాంట్లోంచి డోలు దడదడలాడింది. చెవిగారు ఉలిక్కిపడ్డారు. ఇదేదో వేరే పాట అయి ఉంటుందన్నారు. అదే పాట అంది అనౌన్సరు. తొమ్మిదో స్థానంలో జానపదం, పొలంలో ఒక ముసలమ్మ ఒక్కతే పాడుకుంటున్న ఏకాకి గానం అని చెప్పారు. వేయగానే ముసలమ్మతో పాటు నలభైమంది ఎడమవైపు నుంచి ఎత్తుకున్నారు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం ఆయన. తప్పు తనదేమోనన్న ఆలోచన ఆయన దరిదాపులకు కూడా రాలేదు.

"అమ్మా, మీ ఎడమ స్పీకరు చెడిపోయింది. లేని చప్పుళ్ళు పుట్టిస్తోంది. దాన్ని ఆపించండి."

"లేని చప్పుళ్ళు ఎలా పుట్టిస్తుంది సార్?"

"నాకు చెప్తారా? బయట మావాడున్నాడు, మైకుసెట్ల మనిషి. పిలవండి!"

పొద్దుటి నుంచి ఎవణ్ణి పురుగులా చూశారో ఆ బావమరిదినే పిలిపించారు. అతడు ఒద్దికగా వచ్చి, బావగారి మాట కాదనలేక, ఎడమ స్పీకరు తీగ పీకేశాడు. ముసలమ్మ మళ్ళీ ఒంటరిదైపోయింది. చెవిగారు విజయగర్వంతో మైకులోకి వంగారు.

"విన్నారా శ్రోతలారా! ఇప్పుడు ఆ నలభైమంది ఏరీ? ఇదీ అసలు పాట!"

గదిలో స్పీకరు తీగ పీకినంత మాత్రాన ప్రసారంలో ఏదీ ఆగదు. ఊరంతటికీ నలభైమంది గొంతులు చించుకుని పాడుతూనే వినపడుతున్నారు, వాళ్ళ మధ్యలో ఎవరూ లేరని చెవిగారు ప్రకటిస్తున్నారు. అవతలి గదిలో రేడియో వింటున్న డాక్టరుగారి ముఖం పాలిపోయింది. తన ఆస్పత్రిలో చెవులు పరీక్షించే మనిషికి చెవుడొచ్చిందని ఊరందరికీ తన ఖర్చుతోనే తెలిసిపోతోంది. ఆయన గాజు పలక మీద టకటకా కొట్టి తన చెవి పట్టుకుని చూపించారు.

'ఏం చెవయ్యా నీది!' అంటున్నారని చెవిగారు అర్థం చేసుకున్నారు. గుండె మీద చెయ్యి వేసుకుని వినయంగా తల వంచారు. డాక్టరుగారు ఇంకా గట్టిగా చెవి గుంజి చూపించారు. చెవిగారు ఇంకా కిందికి వంగారు.

ఒక్క స్పీకరుతోనే మిగతా పాటలు సాగాయి. ఆయన ఏది లేదంటే అది ఊరంతా స్పష్టంగా విన్నది. ఇదంతా చూస్తున్న బావమరిది మాత్రం తల గోక్కున్నాడు. వైర్లతో బతికేవాడు కాబట్టి అతడికి ఒక చిన్న అనుమానం వచ్చింది.

"బావగారూ, మెళ్ళో ఉన్నవి ఓసారి ఇటిస్తారా?" అన్నాడు మెల్లగా.

చెవిగారు చేత్తోనే అతణ్ణి దూరం జరగమన్నారు. మొదటి స్థానం ఘడియ వచ్చింది. ఆయన కళ్ళు మూసుకున్నారు.

"శ్రోతలారా, ఈ స్త్రీ అడుగుతుంది. ఎవరూ పలకరు. మళ్ళీ అడుగుతుంది. మళ్ళీ ఎవరూ పలకరు. ఈ లోకంలో ఆమెకు మౌనం తప్ప తోడు లేదు. ఆ మౌనం కోసమే దీనికి నా మొదటి స్థానం. ఈ ఏడాది సంగీతం మొత్తం ఈ ఎడమవైపు మౌనంలోనే ఉంది."

అనౌన్సరు ఇక ఉండబట్టలేకపోయింది. "సార్, ఈ ఒక్క పాట మాత్రం రెండు స్పీకర్లలో విందాం," అని బావమరిదికి సైగ చేసింది. అతడు బావగారి వైపు చూశాడు, ఆ అమ్మాయి వైపు చూశాడు, తీగ తగిలించాడు.

వాన చప్పుడు. కుడివైపు నుంచి ఆ గొంతు, పదిహేడుసార్లు ఏడిపించిన గొంతు, 'గొడుగెక్కడ పెట్టావో చెప్పవా' అని అడిగింది.

ఎడమవైపు నుంచి జవాబొచ్చింది. 'నీ నెత్తిన పెట్టా, చూస్కోవా!'

చెవిగారు కళ్ళు తెరిచారు. 'వాన వెలిసేలోగా వస్తావా' అంది ఆవిడ. 'వంటయితే చెప్పు, వచ్చేస్తా!' అన్నాడు వాడు. 'నేనెవరో నీకింకా గుర్తుందా' అంది ఆవిడ. 'గుర్తుంది గనకే పరుగెత్తా!' అన్నాడు వాడు. డప్పులు మోగాయి. గాజు పలకకు అవతల డాక్టరుగారు కంగారంతా మరిచిపోయి పొట్ట పట్టుకుని నవ్వుతూ కుర్చీలోంచి లేచారు.

"ఇదేంటి?" అన్నారు చెవిగారు. అది కూడా ప్రసారమైంది.

"మొగుడూ పెళ్ళాల పాట బావగారూ," అన్నాడు బావమరిది, మైకు ముందున్నానన్న సంగతి మరిచిపోయి. "ఎదురెదురుగా నిలబడి దెప్పుకుంటున్నట్టుండాలని మొగుడి గొంతంతా ఎడమవైపు, పెళ్ళాం గొంతంతా కుడివైపు పెట్టారు. మీ కిటికీకి మొగుడొచ్చేవాడు, మీ చెవికి పెళ్ళామొచ్చేది." అంటూనే బావగారి మెళ్ళోంచి హెడ్‌ఫోన్లు తీసి, చెవి దగ్గర పెట్టుకుని, ఎడమదాన్ని వేలితో కొట్టి చూశాడు. "ఇది పోయి చాలా కాలమైంది. ఎక్కడో పడింది."

అంతలో శ్రోతల ఫోను మోగింది. అనౌన్సరు తీసింది.

"అమ్మా, నేను ఆయన భార్యని మాట్లాడుతున్నాను. జనవరిలో దుమ్ము దులుపుతుంటే కింద పడ్డాయి. ఏమండీ, వింటున్నారా? చెబుదామనే అనుకున్నానండీ. అంతలోనే మీరు మౌనం గురించి వ్యాసం రాసేశారు. నలభైమూడు నమస్కారాలొచ్చాక ఇంకేం చెప్పను?"

కుడితిలో పడ్డ ఎలుకలా అయిపోయారు చెవిగారు. సిగ్గుతో ఆ ఘనమైన చెవులు రెండూ ఎర్రబడ్డాయి. సిగ్గు కన్నా ఎక్కువగా ఆయన్ని పొడిచింది ఇంకోటి. ఏడాది పొడవునా ఆయన ఎవరి ఒంటరితనానికి కన్నీళ్ళు కార్చారో ఆవిడ పక్కనే మొగుడున్నాడు. అడిగిన ప్రతిదానికీ జవాబిస్తూనే ఉన్నాడు. ఈయన తన ఇంట్లో భార్య మాట్లాడబోతే నోరు మూయించినంత సేపూ వాడు ఆ పాటలో పెళ్ళాంతో మాట్లాడుతూనే ఉన్నాడు.

ఎర్రదీపం ఆరింది. ఫోన్లు మాత్రం ఆరలేదు. జనం విరగబడి చేస్తున్నారు. ఆ వైర్ల అబ్బాయి ఎవరు, ఎంత విడమరచి చెప్పాడు, మళ్ళీ ఎప్పుడొస్తాడు అని అడుగుతున్నారు. డాక్టరుగారు లోపలికి వచ్చి చెవిగారి భుజం తట్టారు.

"ముందు చెవుడేమో అనుకుని హడలిపోయానండీ. అయినా రేపు పొద్దున్నే గాజు గదిలో మీరు కూర్చోండి, నేను పరీక్ష చేస్తాను. ఊళ్ళో అనుమానం ఉండకూడదు కదా." అని బావమరిది వైపు తిరిగారు. "ఏమయ్యా, ఆదివారాలు నీకు ఖాళీయేనా?"

"పెళ్ళిళ్ళు లేకపోతే ఖాళీయేనండీ. కానీ నాకు పాటల గురించి ఏం తెలీదు."

"మరీ మంచిది," అంది అనౌన్సరు, కొత్త కాగితం తీసుకుంటూ. "కుర్చీలోంచి లేపే పాటలు అని పెడదామా పేరు?"

మూడు వారాలు నిద్ర మానుకుని ఎదురుచూసిన ఆ అరగంట తన కళ్ళ ముందే ఇంకొకరి పేరు మీదికి వెళ్ళిపోతుంటే చెవిగారు మింగలేక కక్కలేక ఒక మూల కూర్చున్నారు. పరువులో మిగిలిన కాస్తయినా దక్కించుకుందామని ఫోను తీసి, నలభై ముగ్గురికీ జీవితంలో మొట్టమొదటి నిజం రాశారు. 'ఈ ఏడాది జాబితా రద్దు. నేను విన్నది సగమే. ఎడమవైపు మౌనం అనేది ఎక్కడా లేదు. నేను రాసిందంతా తప్పు. క్షమించండి.'

రెండు నిమిషాల్లో నలభై రెండు నమస్కారాలొచ్చాయి. ఎదురుగా బావమరిదితో మాట్లాడుతున్న అనౌన్సరు టేబులు మీది తన ఫోనును అందుకుని, దానివైపు చూడకుండానే నలభై మూడోది పంపింది.